అమ్మానాన్నలతో మెక్సికోలో గ్వానహువాతో: నాన్నకి మోకాళ్ల నొప్పి, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఏం చూడొచ్చు?

పచ్చిపులుసు (నిజాంపేట):

అందరికీ నమస్తే. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. దసరా అయ్యాక అమ్మానాన్నల్ని తీసుకుని వాడి దగ్గరికి వెళ్తున్నాను, ముగ్గురికీ అమెరికా విజిటర్ వీసా ఉంది. అక్కడిదాకా వచ్చి మెక్సికో చూడకుండా ఎలా పోతారని వాడు ఒకటే పట్టు. ముందు కాంకున్ అన్నాడు, దానికి నాన్న "సముద్రం చూడ్డానికి అంత దూరమెందుకురా, సూర్యలంక లేదా" అని కొట్టిపారేశారు. అప్పుడు వాడు గ్వానహువాతో అని ఒక పాత ఊరి ఫొటోలు పంపాడు. స్పెయిన్ వాళ్ల కాలంలో వెలిసిన ఊరట, లోయలో చర్చిలు, చుట్టూ కొండల మీద పసుపు, గులాబీ, నీలం రంగుల ఇళ్లు. అమ్మ ఆ ఫొటోలు చుట్టాలందరికీ పంపేసింది, కాబట్టి ఇక వెళ్లక తప్పదు.

నా టెన్షన్ వేరే. నాన్నకి కుడి మోకాలు సహకరించదు, నడుస్తారు కానీ మెట్లంటే భయం. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. యూట్యూబ్‌లో ఉన్నవన్నీ బ్యాక్‌ప్యాకు తగిలించుకుని పొద్దుటినుంచి రాత్రిదాకా పరుగెత్తే పిల్లల వీడియోలే, వాటిని చూసి ప్లాన్ వేస్తే మేం రెండో రోజే మంచం పడతాం. మూడు నాలుగు రోజులుంటాం. ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు, ఎక్కడ దిగాలి, ఏం తినాలి? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


హాఫ్ చాయ్ (కూకట్‌పల్లి):

అక్కా, నేను ఆ పక్కనే సిలావోలో కార్ల విడిభాగాల ప్లాంటులో డెప్యుటేషన్ మీద కొన్నాళ్లు ఉండి వచ్చా. ఆదివారం వస్తే గ్వానహువాతోకే పోయేవాణ్ణి, కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపిక పట్టండి.

ముందు వీసా సంగతి. పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే మనవాళ్లకి మెక్సికో వీసా అక్కర్లేదు, ఆ పేచీ లేదు. కానీ మీ తమ్ముడిది చూసుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు చాలామంది స్టాంపు గడువు దాటిపోయి అప్రూవల్ కాగితం మీదే నడిపిస్తుంటారు, ఆ కాగితం చూపిస్తే మెక్సికోలోకి రానివ్వరు. స్టాంపు అయినా ఉండాలి, గ్రీన్‌కార్డు అయినా ఉండాలి. డల్లాస్ నుంచి లియోన్ ఎయిర్‌పోర్టుకి నేరుగా ఫ్లైట్లు ఉంటాయి, అది ఉండేది సిలావో దగ్గరే, అక్కడినుంచి ఊరు ముప్పై కిలోమీటర్ల లోపే. మెక్సికో సిటీలో దిగి బస్సులో నాలుగున్నర, ఐదు గంటలు కూర్చోవాల్సిన పని లేదు.

కారు మాత్రం అద్దెకి తీసుకోవద్దు. ఊరి కింద సొరంగాలున్నాయి, బండ్లు సగం వాటిలోనే తిరుగుతాయి. ఒకప్పుడు ఊరి మధ్యలో నది పారేది, వరదలతో ఊరిని ముంచేసేది, 1905లో అయితే ఘోరమైన వరద వచ్చింది. తర్వాత నీళ్లని దారి మళ్లించి, 1960ల్లో ఆ పాత నది దారినే రోడ్డు చేశారు. పైన రాతి కమానులు, కింద బస్సులు. బస్‌స్టాపులు కూడా సొరంగంలోనే ఉంటాయి, పై వీధిలో సందు పక్కన మెట్లు కనిపిస్తాయి, అవి దిగితే బస్సు. చూడ్డానికి భలే ఉంటుంది కానీ లోపలికి పోగానే ఫోన్‌లో మ్యాప్ చచ్చిపోతుంది, లోపలే మలుపులు, చీలికలు. కొత్తవాడు స్టీరింగ్ పట్టుకుంటే ఏ కొండ మీద తేలతాడో తెలీదు. టాక్సీలే నయం, మీటరుండదు, ఎక్కే ముందే రేటు అడగండి.

హోటల్ దగ్గర అసలు మెలిక ఉంది. ఇళ్లు ఎక్కువ శాతం సందుల్లో ఉంటాయి, ఆ సందులు మెట్లే, కారు ఆగేచోటు ఒకటి, హోటల్ తలుపు ఇంకొకటి. బుక్ చేసే ముందు మెసేజ్ పెట్టి "కారు దిగినచోటునుంచి గది దాకా ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఉందా" అని సూటిగా అడగండి. ఫొటోలో వ్యూ ఎంత బాగుంటే మెట్లు అన్ని ఎక్కువ అని లెక్కేసుకోండి. హార్దీన్ దె లా ఉనియోన్ అని మూడుకోణాల చిన్న పార్కు ఉంది, ఊరికి నడిబొడ్డు అదే. దాని చుట్టుపక్కల చదునుగా ఉన్నచోట దిగండి. పార్కు మీదికే కిటికీ ఉన్న గది మాత్రం వద్దు, రాత్రి పొద్దుపోయేదాకా కింద మారియాచీ బ్యాండ్లు వాయిస్తూనే ఉంటాయి.

ఇక తిరగడం. నా సూత్రం ఒకటే: పైకి టాక్సీ, కిందికి నడక. నాన్నగారికి మెట్లు ఎక్కడం కష్టమా దిగడం కష్టమా అన్నది కూడా చూసుకోండి, కొంతమందికి దిగడమే నరకం. పీపిలా అనే గని కార్మికుడి విగ్రహం ఉన్న కొండ మీదికి కొండవాలు రోడ్డులో టాక్సీ పోతుంది, దిగడానికి ఫ్యునిక్యులర్ ఉంది. వాలు మీద పట్టాలపై జారే చిన్న పెట్టె అది, తిన్నగా హువారెస్ థియేటర్ వెనక దింపుతుంది, కొండ మెట్లు దిగే పని లేకుండా ఊరంతా చూసినట్టవుతుంది. పొద్దుగూకే ముందు వెళ్లండి, దీపాలు వెలిగేదాకా పైనే ఉండండి.

హువారెస్ థియేటర్ 1903లో మొదలైంది, అప్పటి అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ వచ్చి ప్రారంభించాడు. బయట గ్రీకు స్తంభాలు, పైన దేవతల విగ్రహాలు, లోపల హాలు చూస్తే గోడా సీలింగూ తేడా లేకుండా ఎరుపు, నీలం, బంగారు నగిషీ. దాని ముందు మెట్ల మీద సాయంత్రం ఊరంతా కూర్చుంటుంది. మీరూ కూర్చోండి, నాన్నగారికి అదే నచ్చుతుందని నా పందెం.


ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్:

అందరూ ఫొటోలు చూసి ఎగబడతారు గానీ, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయన్ని రెండు వేల మీటర్ల ఎత్తులో మెట్ల ఊరికి తీసుకెళ్లడమేంటండీ? మన హైదరాబాద్ ఐదొందల నలభై మీటర్లు. మొదటి రోజు నాలుగు మెట్లెక్కితే మనకే ఆయాసం వస్తుంది.

నన్నడిగితే పుయెబ్లా వెళ్లండి. అదీ స్పానిష్ కాలం ఊరే, అదీ యునెస్కో జాబితాలోదే, ఎత్తు అక్కడా అంతే కానీ ఊరు గళ్లు గీసి కట్టిన చదును ఊరు, నడక హాయి. తలవేరా అనే రంగుల పింగాణీ పలకలు అతికించిన ఇళ్ల గోడలు, 1646లో బిషప్ పలఫోక్స్ ఇచ్చిన పుస్తకాలతో మొదలైన గ్రంథాలయం, సాంతో దొమింగో చర్చిలో నేలనుంచి గుమ్మటం దాకా బంగారు రేకు అద్దిన రోసారియో ప్రార్థనాలయం. పక్కనే చొలూలాలో గడ్డి మొలిచి గుట్టలా కనిపించే పెద్ద పిరమిడ్, దాని నెత్తిన చర్చి. మెక్సికో సిటీ నుంచి బస్సులో రెండు గంటలు. ఇన్ని ఉండగా ఆ సందుల్లో పడి దొర్లడం ఎందుకు?


హాఫ్ చాయ్ (కూకట్‌పల్లి):

అన్నా, పుయెబ్లా మంచి ఊరే, కాదనను. కానీ అమ్మగారు మనసు పడింది ఈ ఊరి ఫొటోల మీద. చదును ఊరు చూపించి "ఇదీ అలాంటిదే" అంటే అమ్మలు ఊరుకుంటారా? ఆయాసం సంగతి మాత్రం ఒప్పుకుంటా, మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు, తిని పడుకోవడమే.

అక్కా, ఒక పని చేయండి. వెళ్లేలోపు ఒక ఆదివారం పొద్దున్నే నాన్నగారిని గోల్కొండ కోటకి తీసుకెళ్లండి. ఆగుతూ ఆగుతూ బారాదరీ దాకా ఎక్కి దిగి, మర్నాడు మామూలుగా లేచి కాఫీ అడిగితే గ్వానహువాతోకి టికెట్లు తీసేయండి. బాలాహిస్సార్ గేటు దగ్గరే కూలబడితే ఈసీఐఎల్ అన్న మాట విని పుయెబ్లా.


నో ఎగ్ ప్లీజ్ (కొండాపూర్):

తిండి గురించి నేను చెప్తాను, మా అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లినదాన్ని. మెక్సికోలో శాకాహారం దొరకదనేది అబద్ధం, కానీ దొరికినట్టే దొరికి మోసం చేస్తుందనేది నిజం. "మాంసం లేదు" అని వాళ్లు నిజాయితీగానే చెప్తారు. అన్నం చికెన్ నీళ్లలో ఉడికించి ఉంటుంది, మెత్తగా రుబ్బి వేయించిన బీన్స్‌లో పంది కొవ్వు ఉంటుంది. వాళ్ల దృష్టిలో అవి మాంసం కాదు మరి. అందుకని మూడు ముక్కలు కాగితం మీద రాసుకుని ప్రతిచోటా చూపించండి: సిన్ కార్నె, సిన్ కాల్దో దె పొయో, సిన్ మాంతేకా. మాంసం, చికెన్ రసం, పంది కొవ్వు ఏవీ వద్దని. గుడ్డు తినరు కాబట్టి సిన్ వేవో కూడా చేర్చండి. వీధిలో మొక్కజొన్న గింజలు ఉడికించి కప్పులో పోసి కారం, నిమ్మకాయ, చీజ్ వేసిస్తారు, ప్రాణం లేచొస్తుంది, కానీ అడక్కుండానే గుడ్డుతో చేసిన మయొనీస్ గరిటెడు కొట్టేస్తారు, ముందే చెయ్యి అడ్డం పెట్టండి.

ఆ ఊరి సొంత వంట ఎంచిలాదాస్ మినేరాస్, గని కార్మికుల పేరు మీద వచ్చింది. మొక్కజొన్న రొట్టెని ఎండుమిర్చి గుజ్జులో ముంచి, పెనం మీద వేయించి, లోపల చీజ్ గానీ చికెన్ గానీ పెట్టి, పైన బంగాళాదుంప, క్యారెట్ ముక్కలు పోస్తారు. చీజ్‌ది అడిగి, నూనెలో వేయించమనండి. మా అత్తగారికి మాత్రం వేడివేడి తోర్తిల్లాలే నచ్చాయి, జొన్నరొట్టెలాగే చేత్తో తట్టి కాల్చేవాళ్లు దొరికితే ఇక వేరే ఏదీ అడగలేదు. దాంట్లోకి నోపాల్, అంటే నాగజెముడు ముక్కల కూర. అమ్మగారికి ముందే పేరు చెప్పకండి, తిన్నాక చెప్పండి. గుమ్మడిపువ్వు పెట్టిన కెసదీయాలు, అంటే చీజ్ పెట్టి మడిచి కాల్చిన రొట్టెలు కూడా బాగుంటాయి.

ఇదాల్గో మార్కెట్‌కి తప్పకుండా తీసుకెళ్లండి, 1910లో కట్టిన ఇనుప కమానుల పెద్ద షెడ్డు, లోపల పళ్లు, రసాలు, స్వీట్లు. అక్కడే చారముస్కాస్ అని బెల్లంపాకం సాగదీసి మెలితిప్పి చేసే మిఠాయి ఉంటుంది, దాన్ని మమ్మీల ఆకారంలో చేసి కాగితంలో చుట్టి అమ్ముతారు. కళ్లు, నోరు, చేతులు కట్టుకున్న భంగిమ అన్నీ ఉంటాయి. పిల్లలు తల దగ్గరనుంచి కొరుకుతుంటే చూడ్డానికి కాస్త అదోలా ఉంటుంది కానీ రుచి బాగుంటుంది.


తార్నాక మాస్టారు:

అమ్మా, హోటళ్లు, తిండి అయ్యాయి కాబట్టి అసలు ఆ ఊరు ఎందుకుందో నేను చెప్తాను. వెండి కోసం. 1540ల చివర్లో అక్కడ వెండి పడింది, 18వ శతాబ్దానికి ప్రపంచంలో వెండి తవ్వకానికి అదే పెద్ద కేంద్రం. ఆ కొండల్లో ఇళ్లు అలా ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి కారణం అదే, వెండి ఉన్నచోట మనిషి వాలిపోయాడు, చదునుందా లేదా అని చూడలేదు. మెక్సికో, పెరూల వెండి నాణేలు యూరప్ చేరి, అక్కడినుంచి డచ్చి, ఇంగ్లీషు కంపెనీల ఓడల్లో మన మచిలీపట్నానికి వచ్చేవి. మన అద్దకం బట్టలు కొనడానికి వాళ్ల దగ్గర మనకి పనికొచ్చే సరుకు వేరే ఏముంది, వెండి తప్ప? మచిలీపట్నం అప్పుడు గోల్కొండ సుల్తానుల రేవు.

కాబట్టి ఊరికి పైనున్న వాలెన్సియానా చర్చి చూడండి, టాక్సీ గుమ్మం దాకా పోతుంది. గని యజమాని కట్టించాడు, 1788లో పూర్తయింది. లోపల మూడు పెద్ద బలిపీఠాలు, మూడూ బంగారు రేకులో మునిగిపోయి ఉంటాయి. బయట కాసేపు నిలబడి, ఈ బంగారం కింద ఎంతమంది కూలీల ఊపిరితిత్తులు పోయాయో కూడా తలచుకోండి. గనుల్లోకి దింపి చూపించే టూర్లు ఉన్నాయి కానీ నిటారు మెట్లు, నాన్నగారిని పైనే కూర్చోబెట్టండి.

రెండోది అలోందీగా దె గ్రనదీతాస్. ధాన్యం నిల్వకి కట్టిన కోటలాంటి భవనం. 1810 సెప్టెంబరు 28న స్వాతంత్ర్య పోరాటం మొదలైన కొత్తల్లో స్పానిష్ వాళ్లు ధనం, కుటుంబాలతో సహా అందులో దాక్కున్నారు. పీపిలా అనే గని కార్మికుడు వీపుకి రాతిపలక కట్టుకుని, పైనుంచి తూటాలు పడుతున్నా పాకుతూ వెళ్లి తలుపుకి నిప్పు పెట్టాడని చెప్తారు. కొండ మీది విగ్రహం అతనిదే. లోపల జరిగింది ఊచకోత, ఆ మాట కూడా చెప్పుకోవాలి. మరుసటి ఏడాది స్పానిష్ ప్రభుత్వం ఇదాల్గో, అయ్యెందే, అల్దామా, హిమేనెస్ అనే నలుగురు నాయకుల్ని చంపించి, తలల్ని ఇనుప పంజరాల్లో పెట్టి ఈ భవనం నాలుగు మూలలా వేలాడదీసింది. 1821లో స్వాతంత్ర్యం వచ్చేదాకా, పదేళ్లు, అలాగే ఉంచారు. ఆ కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి, తల పైకెత్తి మూలలు చూడండి. ఇప్పుడు లోపల మ్యూజియం, మెట్ల గోడల మీద చావెస్ మొరాదో వేసిన పెద్ద కుడ్యచిత్రాలు.

దియేగో రివేరా 1886లో పుట్టిన ఇల్లు కూడా దగ్గర్లోనే ఉంది. కింది అంతస్తులో పాత సామాన్లు, పైన తొలినాళ్ల బొమ్మలు. ఓపికుంటే వెళ్లండి, లేకపోతే దోషం లేదు.


పచ్చిపులుసు (నిజాంపేట):

అందరికీ చాలా థాంక్స్! మాస్టారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను, ఆ కొక్కేల సంగతి దగ్గరనుంచి ఆయనే ప్రయాణానికి తొందరపెడుతున్నారు. తమ్ముడికి వీసా స్టాంపు ఉంది, అడిగాను.

ఇంకో రెండు సందేహాలు. వాడు మమ్మీల మ్యూజియం, ముద్దుల సందు తప్పకుండా చూడాలంటున్నాడు. అమ్మానాన్నలతో బాగుంటుందా? పైగా ఆఫీసులో ఒకావిడ "ఆ రాష్ట్రంలో గ్యాంగులు కాల్చుకుంటుంటారు, ఎందుకెళ్తున్నారు" అని భయపెట్టేసింది.


హాఫ్ చాయ్ (కూకట్‌పల్లి):

గ్యాంగుల గొడవ నిజమే అక్కా, దాచడం ఎందుకు. ఆ రాష్ట్రం దక్షిణాన సెలాయా, సలమాంకా వైపు పరిస్థితి బాగాలేదు, అటు పోవాల్సిన అవసరం మీకు లేదు. గ్వానహువాతో ఊరు యూనివర్సిటీ పిల్లలతో, టూరిస్టులతో రాత్రిపూట కూడా కళకళలాడుతుంటుంది. పగటి ఫ్లైట్ తీసుకోండి, చీకటి పడ్డాక హైవే ఎక్కకండి, అంతే.

మమ్మీలు మీ తమ్ముణ్ణి ఒక్కణ్ణే పంపండి. అవి ఈజిప్టు రాజులవి కాదు, మామూలు జనాలవి. శ్మశానంలో చోటుకి బంధువులు డబ్బు కట్టలేకపోతే శవాన్ని తవ్వి తీసేసేవాళ్లు, అక్కడి పొడి వాతావరణానికి కొన్ని కుళ్లకుండా ఎండిపోయాయి. 1865లో మొదట తీసినది రెమిహియో లెరాయ్ అనే ఫ్రెంచి డాక్టరుది. ఇప్పుడు అద్దాల పెట్టెల్లో నోళ్లు తెరుచుకుని, కొన్ని మేజోళ్లతో సహా నిలబడి ఉంటాయి, పసిపిల్లలవీ ఉన్నాయి. నాకైతే ఆ పేదవాళ్లని టికెట్ పెట్టి చూపించడం నచ్చలేదు. నచ్చేవాళ్లకి నచ్చుతుంది.

ముద్దుల సందు రెండు బాల్కనీల మధ్య 68 సెంటీమీటర్లు. ధనవంతుడి కూతురు, పేద గని కార్మికుడు, మధ్యలో కత్తి దూసిన తండ్రి, మనకి తెలీని కథేం కాదు. మూడో మెట్టు మీద ముద్దు పెట్టుకుంటే ఏడేళ్లు అదృష్టమట, దానికోసం క్యూ కడతారు. అమ్మానాన్నల్ని ఆ మెట్టు మీద నిలబెట్టి ఫొటో తీయాలంటే మీకు ధైర్యం ఉండాలి.

దానికన్నా రాత్రి కాయెహోనెయాదా మిస్ కాకండి. పాతకాలం నల్ల దుస్తులు, రిబ్బన్లు వేలాడే అంగీలు వేసుకుని కుర్రాళ్లు గిటార్లతో పాడుతూ, జోకులేస్తూ సందుల్లో నడుస్తారు, జనం వెనకాల పోతారు. హువారెస్ థియేటర్ పక్కన సాన్ దియేగో చర్చి ముందు మొదలవుతుంది, మొదటి రెండు మూడు పాటలు అక్కడే చదునునేల మీద పాడతారు. నాన్నగారు అంతవరకు విని పార్కు బెంచీ మీద కూర్చోవచ్చు, మీరు వెనక పోండి.


నో ఎగ్ ప్లీజ్ (కొండాపూర్):

తేదీలు ఖరారు చేశారా? అక్టోబరు మధ్యనుంచి నెలాఖరు దాకా అక్కడ సెర్వాంతీనో అని పెద్ద నాటకాల, సంగీతాల ఉత్సవం, 1972 నుంచి జరుగుతోంది. కళలంటే ఇష్టమైతే స్వర్గం, కానీ గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి, రాత్రంతా గోల. మీకు నా సలహా, ఒక వారం వెనక్కి జరిపి నవంబరు 1, 2 తేదీలు కలిసొచ్చేలా చూడండి. చనిపోయిన పెద్దల్ని ఇంటికి పిలిచే పండగ అది. ఇళ్లలో, కూడళ్లలో ఫొటోలు పెట్టి, వాళ్లకిష్టమైన తిండి పెట్టి, చుట్టూ గుట్టలు గుట్టలుగా బంతిపూలు పోస్తారు. బంతి పుట్టిల్లే మెక్సికో. బతుకమ్మ పేర్చి నెల తిరక్కుండానే అమ్మగారు అన్ని బంతిపూలు మళ్లీ చూస్తారు. మన పెత్తరమాసకి చేసేది గుర్తొచ్చి ఆవిడకి ఎవరూ వివరించాల్సిన పనుండదు.


పచ్చిపులుసు (నిజాంపేట):

ఈ పండగ సంగతి తెలీదు, తేదీలు జరిపించేస్తున్నాను. ఇప్పటికి ప్లాన్ ఇదీ: మొదటి రోజు విశ్రాంతి, సాయంత్రం పార్కు. రెండో రోజు పొద్దున్నే టాక్సీలో వాలెన్సియానా, మధ్యాహ్నం నిద్ర, పీపిలా కొండ మీద దీపాలు. మూడో రోజు అలోందీగా, మార్కెట్, తమ్ముడికి మమ్మీలు, మాకు చారముస్కాస్. మిగిలిన రోజు ఖాళీ, ఎవరికి ఎటు కాళ్లు పోతే అటు. గోల్కొండ పరీక్ష వచ్చే ఆదివారం.


ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్:

పుయెబ్లా మీద నా మాట నెగ్గలేదు, సరే. మూడో రోజు సోమవారం పడకుండా చూసుకోండి, అలోందీగా మ్యూజియం సోమవారం మూసేస్తారు. నవంబరు రాత్రుళ్లు చలి కూడా ఉంటుంది, అమ్మగారికి స్వెటర్, నాన్నగారికి మంకీ క్యాప్ మర్చిపోవద్దు. రాళ్లు పరిచిన వీధులు, చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు ఇప్పుడే కొని గోల్కొండకే వేయించండి.